వాటాలు అమ్మకు

బండి ఆగితే ఆగింది, నాకేం? పదిన్నరే కదా అయింది, గిరిసోల నుంచి బరంపురం ఎంత దూరమని, పన్నెండు మైళ్ళు, ఈ బండి ఎంత కుంటుకుంటూ నడిచినా పదకొండున్నరకి దింపుతుంది, ధర్మలింగం పెట్టిన గడువు పన్నెండుదాకా ఉంది, దిగి జట్కా ఎక్కి తిన్నగా అతని కొట్టుకే పోతాను, చూడండి ధర్మలింగంగారూ, మా ఆవిడకి వాటాలు అమ్మే ఉద్దేశం లేదు, తమరు హాయిగా పసుపూ మిరపకాయలూ అమ్ముకోండి అంటాను, అప్పుడా మొహం ఎలా ఉంటుందో చూడాలి. చూస్తాను, ఎందుకు చూడను, మద్రాసు షేరు బజారులో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన మా మంచు కంపెనీ పేరు ఈ రెండు కళ్ళతో చూసి వస్తున్నవాణ్ణి! ఆ బజారు పుట్టి ఏడాది అయిందో లేదో, అందులో మా పేరెక్కి ఇరవై రోజులు, ఇద్దరికీ ఇంకా పురిటి వాసన పోలేదు. పది రూపాయల వాటా పదమూడుకి మొదలైంది, వారం తిరక్కుండా పద్నాలుగు, ఆ తర్వాత పేపర్లో రెండే రెండు పంక్తులు పడ్డాయి, కలకత్తా నుంచి మశూచి దిగివస్తోంది, గంజాం జిల్లాలో ఉధృతం అని, అంతే, పన్నెండు, తొమ్మిది, ఏడు, మొన్న బుధవారం ఆరు. సుద్దముక్క పట్టుకున్నవాడికి గుడ్డ తీసే తీరిక లేక అరచేత్తోనే తుడిచేస్తున్నాడు. అయినా నాకు బెంగ లేదు, నిజం చెప్తున్నాను, ఒళ్ళంతా ఉత్సాహంగా ఉంది, ఎందుకంటే జబ్బేమిటో తెలిసింది. మా యంత్రం ఆగలేదు, మా మంచు తగ్గలేదు, చమఖండి చేపల బుట్టలు మా మంచు కప్పుకుని రోజూ కలకత్తా వెళ్తూనే ఉన్నాయి. పడిపోయింది జనం ధైర్యం ఒక్కటే, అది లేచి నిలబడేదాకా మా ఆవిడ రాజ్యం తన నాలుగు వందల వాటాలూ పెట్టెలో పెట్టుకుని కూర్చుంటే చాలు.

ఆ నాలుగు వందలూ మా రాజ్యానికి వాళ్ళ నాన్న ఛత్రపురం దగ్గర రాసిచ్చిన భూమి అమ్మేసి కొన్నవి. ధర్మలింగం బరంపురంలో భయపడ్డవాళ్ళ దగ్గరల్లా ఐదుకీ ఐదున్నరకీ ఏరుకుంటున్నాడు, ఇప్పటికి సగానికి కొంచెం ఇవతల ఉన్నాడు, రాజ్యం వాటాలు చేతిలో పడితే సగం దాటుతాడు, దాటితే యంత్రం ఊడదీసి విశాఖపట్నం వాళ్ళకి అమ్మేస్తానని బాహాటంగానే చెప్తున్నాడు, దాపరికం లేని మనిషి, అది మాత్రం ఒప్పుకోవాలి. రాజ్యానికి మాత్రం ఏడు ఇస్తానన్నాడట, శుక్రవారం పన్నెండులోగా మాట చెప్పాలట. ఏం చేయమంటారో తంతి ఇవ్వండి అని ఆవిడ ఉత్తరం రాసింది. అది అందిన గంటలో ఇచ్చాను, మాటకింత అని పుచ్చుకుంటారు కదా, రెండే రెండు మాటలు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు, వాటాలు అమ్మకు. ఎంత పొదుపు, ఎంత స్పష్టం, పద్దెనిమిదేళ్ళు తెలుగు పండితుడిగా వెలిగినవాడి తంతి అలాగే ఉండాలి మరి.

వెలిగినవాడే, అందుకే కదా ఆ పేరు పెట్టాను. కొత్త ఒడియా రాష్ట్రం వచ్చాక మా బడిలో తెలుగు పిల్లలు తగ్గారు, వాళ్ళతోపాటు నేనూ తగ్గాను, ఉన్న నాలుగు డబ్బులూ ఊళ్ళో పదిమంది దగ్గర పోగుచేసినవీ కలిపి మంచు యంత్రం తెప్పించాను, దానికి పేరు కావాలంటే నిఘంటువు తీశాను. శీతల ఐస్ కంపెనీ! శీతలం అంటే చల్లనిది, అంతకన్న తగిన పేరు ఎవడు పెడతాడు? రాజ్యం ఆ వేళ వంకాయ తరుగుతూ, "ఏటండీ, ఆ పేరొద్దండీ, శీతలా అంటే ఇక్కడివాళ్ళకి మశూచి అమ్మవారు కాదేటి?" అంది. ఆవిడ బరంపురంలో పుట్టి పెరిగింది, వీధిలోకి తిరిగితే ఒడియా, పెరట్లోకి తిరిగితే తెలుగు. నేనేమన్నాను? అది దీర్ఘాంతం, ఇది హ్రస్వాంతం, హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా తెలియనివాళ్ళ కోసం పేరు మారుస్తానా అన్నాను. ఆహా, ఏం సమాధానం! చైత్రంలో మశూచి దిగేసరికి హ్రస్వమూ లేదు దీర్ఘమూ లేదు, శీతలా కంపెనీ పెట్టాడు శీతలా వచ్చింది అని ఊరు ఊరంతా ఒకటే మాట. ఆ మాట ఈ రైలు పట్టాల మీదే మద్రాసు పోయింది, షేరు బజారులో కలకత్తా నుంచి వచ్చిన దళారీ ఒకడు నల్లబల్ల మీద మా పేరు చూసి రెండు చేతులూ నుదుటికి ఆనించి దండం పెట్టి, పెట్టిన చేత్తోనే అమ్మమని సైగ చేశాడు. కొనేవాళ్ళు ఒక్క క్షణంలో మాయమయ్యారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు పెద్దలు.

కిటికీ ఊచ వేడెక్కిపోయింది, చేయి వేస్తే చురుక్కుమంటోంది. మంచు ఎందుకయ్యా నీకు, బ్రాహ్మడివి, చేపల మీద కప్పే మంచు అమ్ముకుంటావా అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది, యంత్రం దగ్గర నుంచి వస్తే నూతి దగ్గర స్నానం చేయందే గడప తొక్కనివ్వదు. ఆవిడకి తెలియదా, తెలుసు, తెలిసే అడుగుతుంది, గౌరి పేరు ఎత్తడం ఇష్టం లేక చేపల పేరు ఎత్తుతుంది. గౌరి నా చెల్లెలు. పెద్ద యుద్ధం ఆగిన ఏడు లోకమంతా ఆ విషజ్వరం పాకినప్పుడు దానికి పద్నాలుగేళ్ళు, నాకు ఇరవై రెండు. నాలిక పిడచగట్టుకుపోయి అన్నయ్యా చల్లగా ఏదన్నా ఇయ్యి, చల్లగా, చల్లగా అని ఒకటే కలవరింత, కుండనీళ్ళు ఇస్తే ఇవి కావు అనేది. ఎవరో చెప్పారు, గోపాలపురంలో దొరల హోటల్లో మంచుగడ్డ ఉంటుందని. సైకిలు అరువడిగి పది మైళ్ళు తొక్కాను, వంటవాడి కాళ్ళావేళ్ళా పడి ఇటికంత ముక్క తెచ్చుకున్నాను, రంపప్పొట్టు చుట్టి గోనెలో కట్టి మళ్ళీ పది మైళ్ళు, దారి పొడుగునా వీపు మీద చల్లగా కారుతూనే ఉంది, ఆ చల్లదనానికి నాకు ఏడుపొచ్చింది, కారుతున్నది దానిది కదా, నా వీపుకెందుకు? ఇంటికొచ్చి విప్పితే గోనెలో రేగిపండంత మిగిలింది. గౌరి నాలిక మీద పెట్టాను. కళ్ళు తెరిచింది, నవ్వింది, ఇంకొంచెం అంది. ఇంకొంచెం లేదు. మర్నాటికి గౌరీ లేదు. ఇరవై ఏళ్ళయింది, ఆ మాట నా చెవిలో ఆరలేదు, యంత్రం తిరిగిన మొదటి రోజున మణుగు బరువు దిమ్మ బయటికి జారి పొగలు కక్కుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. అలాంటి యంత్రాన్ని ఊడదీసి విశాఖపట్నం పంపిస్తాడట!

ఎవరో ఎక్కారు. బొద్దుగా ఉన్న మనిషి, భుజాన తువ్వాలు, చంకలో గుడ్డసంచి, సంచిని రెండు చేతులా పట్టుకుని నా ఎదురుగా కూలబడి, "బండెందుకాపీసినార్రా బాబూ?" అని ఆకాశాన్ని అడిగాడు. నేనే చెప్పాను, టీకాలవాళ్ళు పెట్టె పెట్టెకీ వచ్చి చూస్తున్నారని. ఇచ్ఛాపురం మద్రాసువాళ్ళది, గిరిసోల మాది, మధ్యన గీత గీసి రెండేళ్ళయింది, ఆ గీత దాటి వచ్చిన బండిలో ఉన్న ప్రతివాడూ చొక్కా చేయి ఎత్తి టీకా మచ్చ చూపించాలి, లేకపోతే అక్కడే పొడుస్తారు. ఆయన గతుక్కుమన్నాడు. పేరు సూరయ్యట, బరంపురంలో కిరాణా కొట్టట, ఊళ్ళో అమ్మవారు తిరుగుతోందని మనవల్ని తెచ్చి ఇక్కడ కూతురింట్లో దింపి తిరుగుబండిలో పోతున్నాడట. అంత భయమున్నవాడివి మళ్ళీ ఎందుకు వెళ్తున్నావు అంటే సంచి చూపించాడు. "ఇవిగో బాబూ, ఇరవై వాటాలు. ఆ మంచు కంపెనీవి. పేరు నోటితో అన్ను, బయం. పన్నెండు లోపల ఎల్లి ధర్మలింగం బాబుకి అప్పసెప్పీసి సేతులు కడుక్కుంతాను. ఊళ్ళో అమ్మోరు, బజార్లో అమ్మేవోరు, ఇంకేటున్నాది సెప్పండి?" నేనెవరో ఆయనకి తెలియదు, ఆ కాగితాల అడుగున కార్యదర్శి భానుమూర్తి అని సంతకం ఉందే అది నాదే అని చెప్పలేదు, చెప్తే దూకి పారిపోయేలా ఉన్నాడు. కానీ నోరు ఊరుకుంటుందా, యంత్రం చెక్కు చెదరలేదనీ, మంచుకి మశూచి రాదనీ, ఇవాళ ఐదుకి అమ్ముకున్నవాడు రేపు పదిహేనుకి ఏడుస్తాడనీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను, చెప్తుంటే నాకే నమ్మకం పెరిగి గొంతు లేచింది, పక్కవాళ్ళు తలలు తిప్పారు. సూరయ్య నోరు తెరుచుకుని విన్నాడు. "అయితే పంతులు బాబూ, ఒక్క మాట సెప్పండి. అమ్మీమంటారా, అమ్మీకంటారా?"

"అమ్మకు!" అన్నాను, బల్ల గుద్ది.

సూరయ్య కళ్ళు మిటకరించాడు. "ఏ అమ్మకి బాబూ?"

ఓరి నాయనో! ఏ అమ్మకి అంటాడేమిటి, అమ్మకు అంటే విక్రయించవద్దు అని కదా, అమ్ము ధాతువు, వ్యతిరేకంలో విధి, మధ్యమ పురుష ఏకవచనం, ఇందులో అమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? వచ్చింది, వచ్చి కూర్చుంది, అమ్మకు అంటే తల్లికి! షష్ఠి! వాటాలు తల్లికి! చొక్కా గుండీ తీశాను, అయినా గాలాడలేదు. మా ఊళ్ళో పుట్టినవాడెవడూ అమ్మకు అనడు, తల్లికి అనాలంటే అమ్మకి అంటాడు, వద్దు అనాలంటే అమ్మీకు అంటాడు, ఇద్దరూ తగువు పడకుండా చెరో వీధిలో ఉంటారు, నేనొక్కణ్ణే, పండితుణ్ణి, గ్రంథాల్లోంచి తవ్వి తెచ్చి రెండు అమ్మల్నీ ఒకే మాటలో కూర్చోబెట్టాను. తంతి ఆఫీసులో కాగితం ముందు పెట్టుకుని ఎంత ఆలోచించాను! మొదట అమ్మవద్దు అని రాశాను, రాసి, తంతివాడు మధ్యలో తెగ్గొడితే అమ్మ, వద్దు అవుతుంది, మా అమ్మ చూస్తే నన్నొద్దంటాడా నా కొడుకు అని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది అని, ముందుచూపుతో, అవునయ్యా ముందుచూపుతోనే, దాన్ని కొట్టేసి అమ్మకు అని రాశాను. అరుగు మీద పిల్లల చేత పొద్దున్నే పన్నెండేళ్ళు వల్లె వేయించినవాణ్ణి, పోకు, రాకు, తినకు, అమ్మకు, ఒక్కడైనా లేచి ఏ అమ్మకండీ అని అడగలేదే! అడిగితే చెవి మెలిపెట్టేవాణ్ణి, అందుకే అడిగుండడు. నీ పాండిత్యం తగలెయ్య, నీ పొదుపు తగలెయ్య, ఇంకొక్క మాట, వలదు అనో కూడదు అనో, ఇంకొక్క అణా, ఆ అణా పెట్టడానికి చేతులు రాలేదు కదూ.

ఇప్పుడేమై ఉంటుంది? తంతి నిన్ననే అంది ఉంటుంది. తంతి అంటే చావు కబురని వీధంతా మూగుతుంది, పోస్టుమాను అరుగెక్కి గట్టిగా చదువుతాడు, వాటాలు అమ్మకు. మా అమ్మ దుర్గాంబగారు గుమ్మంలోనే ఉంటుంది, ఆవిడ వినకుండా మా ఇంట్లో చీమ కూడా తుమ్మదు. చూశావా, నా కొడుకు చివరికి నాకే రాశాడు, ఇలా తే ఆ కాగితాలు అని చేయి చాపుతుంది. రాజ్యం ఏం చేస్తుంది, మొగుడు రాసిన మాట, అత్తగారి చాచిన చేయి, పెట్టె తీసి ఇచ్చేస్తుంది. ఇక మా అమ్మ చేతిలో అవి ఎంతసేపుంటాయి? ధర్మలింగం కాశీ నుంచి గంగ చెంబు తెచ్చి ఆవిడ కాళ్ళకి దండం పెట్టినవాడు, నా కొడుకుని ఆ చేపల పని నుంచి తప్పించు నాయనా అని ఆవిడే అతన్ని అడిగింది, ఒకసారి కాదు. పన్నెండేమిటి, పొద్దున్న ఏడింటికే కబురు పెట్టి ఉంటుంది, జట్కా కూడా తనే మాట్లాడి ఉంటుంది, అన్నీ అయిపోయే ఉంటాయి, ఈపాటికి ఎవడో పానా చేత్తో పట్టుకుని యంత్రం మొదటి బోల్టు దగ్గర వంగి ఉంటాడు. అయినా కదలదేం ఈ బండి!

టీకాలవాళ్ళు వచ్చారు. నేను చొక్కా చేయి భుజం దాకా ఎత్తి, ఇదిగో మచ్చ, రెండు మచ్చలు, ఇక బండి పంపించండి మహానుభావులారా అన్నాను. ఒకతను నవ్వి, "హఉ, హఉ" అన్నాడు, సరే సరే అని. సూరయ్యకి మచ్చ లేదు. పట్టుకున్న సంచి వదలడు, సంచి వదిలితే గాని చేయి దొరకదు, అమ్మోరికి కోపమొస్తాది బాబూ, ఆ తల్లిని సూది మీద పెట్టి గుచ్చితే ఊరుకుంటాదా అని గగ్గోలు, చివరికి ఆ సంచి నేను నా ఒళ్ళో పెట్టుకుంటే గాని చేతి మీద టీకా గీత గీయనివ్వలేదు. నా సంతకాలు ఇరవై, నా ఒళ్ళో. ఆ గీత గీసినప్పుడు ఆయన నా మోకాలు ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే నాకు ఒక్కసారి కోపమంతా పోయింది. పాపం, భయమంటే ఇదే కదా, దానికి పేపరూ అక్కర్లేదు నల్లబల్లా అక్కర్లేదు, ఎదుటివాడి మోకాలు చాలు. వీళ్ళని తిట్టి ఏం లాభం, పేరు చల్లగా ఉందని తెచ్చి పెట్టినవాణ్ణి, వాళ్ళ భయానికి వాళ్ళ దేవత పేరే పెట్టి ఇచ్చినవాణ్ణి నేను.

కదిలింది! పదకొండూ ఐదు. ముప్ఫై ఐదు నిమిషాలు వేసుకున్నా పదకొండూ నలభై, స్టేషన్ నుంచి ఇంటికి ఐదు, కొట్టుకి పది, పరుగెడితే ఏడు, పరుగెడతాను, నలభై రెండేళ్ళకే పరుగెత్తకూడదా? ఒకవేళ రాజ్యం ఇవ్వలేదేమో. రాజ్యానికి సందేహం వస్తే అడుగుతుంది, వంకాయ తరుగుతూనైనా అడుగుతుంది, ఏటండీ అంటుంది, కానీ ఎవరిని అడుగుతుంది, నేను బండిలో ఉన్నాను. లేక మా అమ్మకి కాక వాళ్ళమ్మకి పంపేసిందేమో, ఆవిడ గంజాం ఊళ్ళో ఉంది, అది నయం, గంజాం నుంచి పన్నెండులోగా ఎవడూ రాడు, హమ్మయ్య. కాదు, నా పిచ్చి గాని, ఎవరి కొడుకు తంతి ఇస్తే వాడి అమ్మకే కదా. జగన్నాథపురం దాటింది, ఎండుటాకులు ఎగిరి పెట్టెలోకి వచ్చాయి, సూరయ్య గీత గీసిన చేయి మీద ఊదుకుంటూ, మీరు సెప్పినట్టు అమ్మీకుండా ఉంటే నాకు నష్టం రాదంతారా అని ఐదోసారి అడిగాడు, నేనేం చెప్పను, నా నాలుగు వందలు ఉన్నాయో లేవో నాకే తెలియదు. గౌరి ఉంటే ఈపాటికి ముప్ఫై నాలుగేళ్ళది. తిరగేసి కొట్టేది నన్ను, అన్నయ్యా ఇంత చదువు చదివి రెండు మాటలు సరిగా రాయలేవా అని. యంత్రం పోతే మళ్ళీ ఎవడు తెస్తాడు బరంపురానికి, మళ్ళీ ఏ జ్వరం వచ్చినా ఎవడో ఒకడు గోపాలపురం దాకా సైకిలు తొక్కాలి. పట్టాల పక్క ఇళ్ళు దగ్గర దగ్గరగా వచ్చాయి, గుమ్మాలన్నిటికీ వేపమండలు, అరుగుల మీద నీళ్ళు చల్లిన తడి, అమ్మవారికి చలవ ఇష్టమని మా అమ్మ రోజూ చల్లినట్టే. బండి ఇంకా ఆగనేలేదు, నేను తలుపు దగ్గర నిలబడ్డాను, సూరయ్య నా వెనకాలే.

రాజ్యం ప్లాట్‌ఫారం మీద ఉంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను ఎక్కడి నుంచి వచ్చినా స్టేషన్‌కి రాని మనిషి, వచ్చిందంటే చెప్పలేని కబురే. నుదుట పసుపు, జడలో వేపమండ. ఆవిడనే చూస్తూ దిగి మెట్టు మీద జారబోయాను.

"అయ్యో, నెమ్మదండీ! ఏటా చూపు?" అని చేయి పట్టుకుంది.

"వాటాలు?"

"అమ్మకి ఇచ్చేశాను."

"మా అమ్మకా!" గొంతు ఎంత లేచిందంటే పోర్టరు ఆగి చూశాడు.

"మీ అమ్మకెందుకిస్తానండీ, మతి పోయిందేటి? అమ్మకి. ఠాకురాణికి."

నాకు అర్థం కాలేదు. రాజ్యం నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, నా సంచి తను పుచ్చుకుని, పెరట్లో పొరుగింటావిడకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. నిన్న సాయంత్రం నేను అనుకున్నట్టే అయిందట, పోస్టుమాను, అరుగు, వీధంతా జనం, మా అమ్మ చాచిన చేయి, అన్నీ. రాజ్యం ఆ చేతిలో కాగితాలు పెట్టలేదట. మీకు కాదత్తయ్యా, మీ కొడుకు రాసింది ఊరిని ఏలే అమ్మకి అని, అందరూ వినేలా అందట. పెట్టెలోంచి కాగితాలు తీసి ఇత్తడి పళ్ళెంలో పెట్టిందట, యంత్రం దగ్గరికి కబురంపి మంచు దిమ్మ ఒకటి బండి మీద ఎక్కించిందట, డప్పులవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో తనకీ తెలియదట, వీధి వీధే వెనక నడిచిందట, ఠాకురాణి గుడిలో అమ్మ పాదాల ముందు ఆ పళ్ళెం, పక్కన ఆ దిమ్మ. ఆ దిమ్మ పొగలు కక్కుతుంటే ఆడవాళ్ళు దండాలు పెట్టారట. "అంతేనండీ. ఊరికి ఠాకురాణైనా శీతలా అయినా అమ్మ ఒక్కతే కదా, శీతలా కంపెనీలో శీతలాకే వాటా ఉందని తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది. పొద్దున్న ధర్మలింగం గారి కొట్టు ముందు ఒక్కడూ లేడు. అమ్మ ఉన్న కంపెనీ వాటా అమ్ముకుంటే కళ్ళు పోవూ? ఆయనే మనింటికొచ్చి, అమ్మోరితో పోటీ నాకొద్దమ్మా, గడువూ లేదు ఏటీ లేదు అని మీ అమ్మగారికి చెప్పి వెళ్ళిపోయాడు. మీ అమ్మగారు ఆయన్ని మజ్జిగ తాగి వెళ్ళమన్నారు, ఆగలేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంటే ఊరి భయం ఎక్కడికీ పోలేదు, రాజ్యం దాన్ని అటు నుంచి ఇటు తిప్పిందంతే, నాకు కొంచెం సిగ్గేసింది, సిగ్గుకన్న సంతోషం ఎక్కువ వేసింది, ఏం దాచుకోను. అయినా నాలుగు వందలు పోయినట్టే కదా అన్నాను. "ఎక్కడికి పోతాయి, పసుపు రాయించి తెచ్చి నా పెట్టెలోనే పెట్టాను. అమ్మవి. అమ్మడానికి లేదు, అంతే." నేను ఒప్పుకున్నాను, తప్పు నాదేననీ, తంతిలో ఇంకొక్క మాట వేసి ఉండవలసిందనీ, నువ్వు తప్పు చదివినా మంచికే చదివావనీ.

రాజ్యం నావైపు తిరిగి చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

"నేను తప్పు చదవడమేటండీ? పన్నెండేళ్ళు ఆ గోడకి ఇవతల పోపు వేస్తూ వినలేదూ? పోకు, రాకు, తినకు, అమ్మకు. పోస్టుమాను నోట్లోంచి వచ్చీ రాగానే తెలిసింది, అమ్మీకు అన్నారని. నాకు తెలిసింది సరే, అవతల అత్తయ్య చేయి, ఎదర ఊరు. వాళ్ళు ఎలా వినాలో అలా వినిపించాను." గొంతు తగ్గించింది. "మీ అమ్మగారితో మాత్రం అనకండి."

వెనకాల సూరయ్య ఇదంతా ఎంత విన్నాడో, నుదుటికి చేయి ఆనించి, సంచి కళ్ళకద్దుకుని, "అమ్మా, ఈ కంపెనీవి ఇంకో పది ఎవలైనా అమ్ముతన్నారేటి?" అని అడిగాడు. రాజ్యం తల అడ్డంగా ఊపింది. ఎవరూ అమ్మటం లేదుట. ఆయన ఉసూరుమంటూ వెళ్ళాడు, గీత గీసిన చేయి జాగ్రత్తగా పట్టుకుని.

"ఒక్కటుందండీ," అంది రాజ్యం, ఇప్పుడు మాత్రం కొంచెం జంకుతూ, "నేను అందరి ముందూ మాటిచ్చేశాను. జబ్బు తగ్గేదాకా రోజుకో దిమ్మ అమ్మకి. డబ్బు అడక్కూడదు. నిన్నటి దిమ్మ రాత్రికల్లా అయిపోయింది, కరిగి కాదు, ముక్కలు కొట్టి గిన్నెల్లో పట్టుకెళ్ళి జ్వరంతో ఉన్న పిల్లల నాలిక మీద పెట్టుకున్నారు, ఊరవతల నుంచి కూడా వచ్చారు. చివర వచ్చినవాళ్ళకి అందలేదు." నేను పట్టాలవైపు తిరిగేసరికి, కంపెనీకి బరువనుకుంటున్నానేమో అనుకుంది. "ఏటండీ, ఒకటి ఎక్కువంటారా?"

ఎండలో పట్టాలు మెరుస్తున్నాయి, నా వీపు మీద ఎప్పటిదో తడి, సైకిలు మీద పది మైళ్ళూ కారిన తడి. "ఒకటి చాలదు," అన్నాను, "ఇంకొంచెం పంపుదాం. రెండు పంపు. మూడు పంపు." జట్కావాడు ఎక్కడికి బాబూ అంటే ఇంటికి అనలేదు, యంత్రం దగ్గరికి పోనిమ్మన్నాను.